పుస్తకములోని పూవు, కొమ్మమీది పూవు

తెలుగు పాఠము చెప్పు తరగతిగదిలోనికి వసంతము ఏటేట వచ్చును. వాచకమున ఏదో యొక కావ్యభాగములో వసంతవర్ణనము తటస్థించును. ఉపాధ్యాయుడు పద్యమును రాగయుక్తముగా చదువును, పదములు విడదీయును, కింశుకమనగా మోదుగ యనియు, వకుళమనగా పొగడ యనియు, రసాలమనగా మామిడి యనియు నల్లబల్లమీద వ్రాయును. విద్యార్థి ఆ యర్థములను వల్లించి, పరీక్షలో తప్పు లేకుండ వ్రాసి, మార్కులు తెచ్చుకొనును. అంతవఱకు బాగుగనే యున్నది. కాని ఆ విద్యార్థిని బడి ఆవరణలోనికి తీసికొనివచ్చి, “నాయనా, పొగడచెట్టు ఎట్లుండునో చెప్పుము” అన్నచో అతడు దిక్కులు చూచును. అడిగిన ఉపాధ్యాయునికే ఆ చెట్టు తెలియకపోవుటయు అరుదు కాదు. ఒక మాటకు మఱియొక మాట అర్థముగా నిలిచినది. ఆ రెండు మాటల వెనుకనున్న చెట్టు మాత్రము ఇరువురికిని కనబడలేదు.

ఇందు పిల్లవాని తప్పు లేదు, పంతులుగారి తప్పును లేదు. కావ్యములు పుట్టిన కాలమున వానిని వినినవారికి ఈ చెట్లన్నియు కనుచూపుమేరలోనే యుండెడివి. పెరటిలో మల్లెపందిరి, గుడి యెదుట పొగడ, పొలముగట్టున మోదుగ, చెఱువుకట్టపై కానుగ — ఇవి యెవరును నేర్పకయే నేర్చుకొన్న పాఠములు. కవి ఒక్క పేరు పలికిన చాలును, శ్రోత మనస్సులో ఆ పూవు రంగు, వాసన, ఋతువు ఒక్కసారిగా మేల్కొనెడివి. నేడు పట్టణములలో పెరడు తరిగిపోయినది. అంతస్తుమీద అంతస్తుగా లేచిన యిండ్లలో పుట్టి పెరిగిన పిల్లవానికి పూవనగా బజారులో మూరల లెక్కను అమ్ముడుపోవు వస్తువు. పేర్లు నిఘంటువులో క్షేమముగానే యున్నవి. వానికి ప్రాణమిచ్చు చూపు తగ్గిపోవుచున్నది.

ఒక చిన్న యుదాహరణము. కింశుకమను మాటలో ‘కిమ్’, ‘శుకము’ అను రెండు మాటలున్నవని పెద్దలు చెప్పుదురు. “ఇది చిలుకయా యేమి?” అని దాని భావము. మోదుగపూవును చేతబట్టి చూచినవానికి ఆ ప్రశ్న వెంటనే బోధపడును. నల్లని మఖమలువంటి తొడుగునుండి వెలువడిన నారింజవన్నె రేకులలో ఒకటి చిలుకముక్కువలె వంగియుండును. ఆకులన్నియు రాలిన కొమ్మలపై అట్టి పూలు వందలుగా కనబడినప్పుడు, మొట్టమొదట చూచినవాడెవడో చిలుకలగుంపు వ్రాలినదని భ్రమపడియుండును. ఆ భ్రమయే పేరైనది. చెట్టును చూడనివానికి కింశుకము నాలుగక్షరముల బరువు. చూచినవానికి ఆ మాట పలికినప్పుడెల్ల చిరునవ్వు కలుగును.

పోయిన యీ చుట్టఱికమును తిరిగి కలుపుకొనుటకు పట్టణవాసికి రెండు తావులు మిగిలియున్నవి. ఒకటి ఊరి యుద్యానము, రెండవది ఇంటి పూలకుండీ. మొదటిది చూచుట నేర్పును. రెండవది వేచియుండుట నేర్పును.

ఉద్యానమనగానే తెలుగువారికి స్ఫురించు పేర్లలో బెంగుళూరి లాల్‌బాగు ఒకటి. ఆ నగరమున తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. అనంతపురము, చిత్తూరు ప్రాంతములవారికి అది పొరుగూరివంటిది. సెలవులలో చుట్టముల యింటికి పోయిన పిల్లలను ఒకనాటి సాయంకాలము లాల్‌బాగునకు తీసికొనిపోవుట పరిపాటి. 1760లో హైదరాలీ యీ తోటకు అంకురార్పణము చేసెను. అతని కుమారుడు టిప్పు సుల్తాను దూరదేశములనుండి మొక్కలను, విత్తనములను తెప్పించి దానిని పెంపొందించెను. 1856లో అది ప్రభుత్వపు సస్యోద్యానమైనది. 1889లో ఇనుప కమానులతోను, అద్దములతోను గాజుమందిరమునకు పునాది పడినది. 1908లో ఆ తోట బాధ్యత స్వీకరించిన జర్మను ఉద్యానవేత్త క్రుంబీగెల్, ఏ మాసమునకామాసము ఏదో యొక చెట్టు పూచునట్లు నగరవీథులవెంట వృక్షములను ఎంచి నాటించినవాడని పేరొందెను. నేడు తోట విస్తీర్ణము 240 ఎకరములు. అందలి రాతిగుట్ట వయస్సు 300 కోట్ల సంవత్సరములకు తక్కువ కాదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంత పాతరాతికి చేరువలో, నిన్న విచ్చి నేడు రాలు పూవును చూచుట ఒక వింత యనుభవము.

ఏటేట జనవరిలో గణతంత్రదినోత్సవ సందర్భమున లాల్‌బాగులో జరుగు పుష్పప్రదర్శనమునకు లక్షల జనము వచ్చును. గాజుమందిరములో పూలతో తీర్చిన కట్టడములను చూచి, ఛాయాచిత్రములు తీసికొని, సంతోషముగా ఇంటికి మరలుదురు. అది చూడదగిన వేడుకయే. అయినను పంచాంగము విప్పి చూచినచో అప్పటికి వసంతము రాలేదు. అవి తోటమాలులు ముందునుండి కుండీలలో పెంచి, వేళకు పూచునట్లు సిద్ధపఱచిన మొక్కలు. వేడుక ముగిసి, జనము పలుచబడి, పందిళ్లు విప్పిన తరువాత, ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వఱకు, ఎవరును ప్రకటించకుండగనే చెట్లు తమంతట తాము పూయుటకు ఆరంభించును. వసంతమును చూడగోరువాడు అప్పుడు పోవలెను.

అట్లు పోయినవానికి ఎదురగు చెట్లలో మొదట చెప్పదగినది టబేబుయా. ఆకు లేని కొమ్మలనిండ గులాబివన్నె బూరలవంటి పూలు; క్రింద నేలపై అదే వన్నె తివాచి. దాని జ్ఞాతులలో పసుపుపచ్చగా పూచునదియు కలదు. రెండును అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములనుండి వచ్చినవి. ఎండలు ముదిరినకొలది ఊదావన్నె జకరందా పూచును. దాని పుట్టినిల్లును దక్షిణ అమెరికాయే. ఏప్రిల్, మే మాసములలో ఎఱ్ఱగా మండిపోవు చెట్టు మడగాస్కరు ద్వీపమునుండి వచ్చినది. 16వ శతాబ్దిలో రామరాజభూషణుడు వసుచరిత్రమున వసంతమును వర్ణించునాటికి వీనిలో ఒకటియు తెలుగునేలపై లేదు. నేటి వసంతములో సగము అతిథులదే.

ఈ యతిథులను తెలుగువాడు ఎట్లు పలుకరించెనో గమనింపదగినది. మడగాస్కరు చెట్టును చూచినప్పుడు అతడు నిఘంటువు వెదకలేదు. పూవు తలపాగలో చెక్కిన తురాయివలె నున్నదని ‘తురాయి’ అనెను. బ్రెజిలునుండి వచ్చిన తీగపూవు రేకులు పలుచగా, పొడిగా ఉండుట చూచి ‘కాగితపుపూలు’ అనెను. కింశుకమని పేరుపెట్టిన ప్రాచీనుడును, తురాయియని పేరుపెట్టిన పల్లెవాసియు చేసిన పని ఒక్కటే. ఇరువురును నిలిచి చూచిరి. టబేబుయా మాత్రము ఇంకను పరభాషా నామముతోనే పూయుచున్నది. వాడుకలో స్థిరపడిన తెలుగు పేరు దానికి రాలేదు. పండితుడే పేరు పెట్టవలెనను నియమమెక్కడను లేదు. ఎనిమిదవ తరగతి పిల్ల యొకతె ఆ చెట్టుక్రింద పది నిమిషములు నిలిచిన చాలును.

చూడకపోవుటవలన పేర్లు పుట్టకపోవుటయే కాదు, ఉన్న పేర్లు తారుమారగుటయు కలదు. పాఠశాలల గోడలవెంట, కార్యాలయముల ముందు స్తంభమువలె నిలువుగా పెరిగి, అంచులు అలలుదేరిన పొడవైన ఆకులను క్రిందికి వ్రేలాడవేయు చెట్టును ఎక్కువమంది అశోకమందురు. సీతాదేవి కూర్చున్నది దానిక్రిందనే యని పిల్లలు నమ్ముదురు. నిజమునకు ఆ చెట్టు సీతాఫలపు కుటుంబమునకు చెందినది. దాని పూలు లేతాకుపచ్చగా, ఎవరి కంటను పడకుండ పూచి రాలిపోవును. కావ్యములలోని అశోకము వేఱు. అది చింత, కానుగల కుటుంబములోనిది. గుబురుగా పెరిగి నీడనిచ్చును. చైత్రమునకు అటునిటుగా దాని కొమ్మలను అంటిపెట్టుకొని పూగుత్తులు వెలువడును. విచ్చినప్పుడు పసుపు కలిసిన నారింజవన్నె, ముదిరినకొలది ఎఱుపు. ఒకే గుత్తిలో పలురంగులు కనబడుట అందుచేతనే. లేతాకులు రాగివన్నెతో మెత్తని గుడ్డపేలికలవలె వ్రేలాడును. సస్యోద్యానమున అసలు అశోకమును ఒక్కసారి చూచివచ్చిన ఉపాధ్యాయుడు సుందరకాండ కథ చెప్పునప్పుడు కిటికీనుండి తప్పుచెట్టును చూపడు.

ప్రబంధములలోని వసంతవర్ణనమున దోహదములను ముచ్చట యొకటి వచ్చును. సుందరి పాదము తాకిన అశోకము పూచుననియు, ఆమె పుక్కిటి మద్యము చల్లిన పొగడ పూచుననియు కవిసమయము. తరగతిలో పిల్లలు నవ్వుదురు, నవ్వవలసినదే. అయితే ఆ కల్పన వెనుక ఒక ఆశ్చర్యమున్నది. నిన్నటివఱకు ఊరకున్న చెట్టు నేడు పూలతో నిండినప్పుడు, దీనిని మేల్కొల్పినది ఎవరని మనుష్యుడు అడిగెను. ఆ ప్రశ్నకు కవి యొక కథ కట్టెను. నేటి శాస్త్రము పగటి నిడివిని, ఎండవేడిమిని, నేలలోని తేమను కారణములుగా చూపును. రూపముండి విద్య లేనివానిని పూర్వులు వాసన లేని మోదుగతో పోల్చిరి. పాపము, మోదుగకు వాసనతో పనియే లేదు. దాని తేనెకై వచ్చునవి ముఖ్యముగా పక్షులు. పక్షులు రంగును చూచి వచ్చును. ఆకులు రాలి కొమ్మలు బయటపడినందున ఆ రంగు దూరమునకే తెలియును. చీకటిలో విచ్చు తెల్లని పూలకైనచో వాసనయే దీపము. దానిని పట్టుకొని రాత్రిపురుగులు వచ్చును. ఈ సంగతి తెలిసినవానికి ఆ పాత పోలిక చెడదు. మోదుగపై గౌరవము మాత్రము పెరుగును.

ఉద్యానమున అక్కడక్కడ ‘పూలు కోయరాదు’ అను పలక కనబడును. పూజకై పూలు కోయవచ్చినవానిని పూలే నిలదీయు ‘పుష్పవిలాపము’ను జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు వ్రాసిరి. దానిని ఘంటసాల గళమున వినినవారికి ఆ పలకతో పనిలేదు. కోయని పూవు ఏమగునని పిల్లలు అడిగినచో తోటయే జవాబు చెప్పును. బూరుగపూవు కాయయై, పగిలి, దూదియై వేసవిగాలిలో తేలిపోవును. మామిడిపూతలో వేలకొలది పూలుండును. వానిలో పిందె కట్టునవి కొన్నియే, పండు వఱకు నిలుచునవి మఱియు కొన్నియే. పొగడ యందఱికంటె ఉదారము. చిన్న నక్షత్రములవంటి తన పూలను తానే నేల రాల్చును. ఏరుకొన్నవారివే యా పూలు. ఎండినను వాని పరిమళము పోదు. రాలిన పొగడపూలను దారమున గ్రుచ్చి పెట్టెలలో దాచుకొనుట పూర్వపు ఆడపిల్లల కొక వేడుక.

అట్లని పూవును కోయుటయే పాపమని తీర్మానింపరాదు. ఆ బెంగుళూరు నగరముననే చైత్రపూర్ణిమనాటి రాత్రి ధర్మరాయస్వామి ఆలయమునుండి కరగ ఉత్సవము బయలుదేరును. ద్రౌపదీదేవికి ప్రతీకయైన కరగమును మల్లెపూలతో కప్పి, స్త్రీవేషము ధరించిన అర్చకుడు శిరస్సున దాల్చి వీథులలో సాగును. ఆ యుత్సవమును నడుపు తిగళులు తరతరములుగా తోటపనికి పేరొందినవారు. ఏడాది పొడవున మట్టి త్రవ్వి, నీరు పోసి, చీడ తొలగించి పూలమొక్కలను సాకుట వారి కులవృత్తి. ఉత్సవపు రాత్రి వారి దేవత శిరస్సున మల్లెలు నిలుచును. ఆ దృశ్యమును చూచినవారికి ఎవరి తగవును మిగులదు. పూవును కోయు హక్కు మొక్కను పెంచినవానికి కలదు. ఆ హక్కు సంపాదించుకొనుటకు పట్టణవాసికి మిగిలిన తావు ఇంటి మేడయో, వసారాయో.

ఇంటి పూలలో వసంతమునకు రాణి మల్లె. ఒక అడుగు లోతుగల కుండీ, దినమునకు నాలుగైదు గంటల యెండ, నీరు నిలువని మట్టి — ఇంతకుమించి అది కోరదు. అయితే దాని పూవు ఊరకే రాదు. మల్లె క్రొత్త చివురునకు పూయును. కావున చలికాలమున నీరు తగ్గించి, కొమ్మలను కత్తిరించి, ఆకు దూసి, మొక్కను ఇంచుమించు బోడిగా చేయుదురు. తెలియనివారు చూచి చంపివేసిరని జాలిపడుదురు. సంక్రాంతి దాటిన పిదప మొదలు గుల్లచేసి, ఎరువు వేసి, నీరు పెట్టుదురు. ఆ తరువాత చేయవలసిన పని వేచియుండుటయే. అది పిల్లలకు కష్టము. మల్లెకుండీ యున్న యింటిలో ఇటువంటి సంభాషణ వినబడుచునే యుండును:

“అమ్మమ్మా, మొన్ననే గదా అంత ఎరువు వేశాం! మొగ్గేదీ?”

“ఇది మీ బడిగంట కాదురా నాయనా, కొట్టగానే మోగడానికి.”

“మరి ఇంకా ఎన్నాళ్ళు?”

“ఉగాదినాడు వేపపువ్వు కోసుకు రావడానికి వెళతావు గదా, వచ్చాక అడుగు.”

ఫాల్గుణమున చివురు, చైత్రమున మొగ్గ. తొలిమొగ్గ కనబడిననాడు ఇంటిల్లిపాదియు ఆ కుండీచుట్టు చేరుదురు. విచ్చకముందే మొగ్గలను కోసి మాల కట్టుదురు. దేవుని పటమునకు కొన్ని, అమ్మ కొప్పులోనికి కొన్ని, పొరుగింటికి ఒక మూర. పొద్దు వ్రాలినకొలది అవి మాలలోనే విచ్చుకొని ఇల్లంతయు పరిమళింపజేయును. బజారులో కొనిన మల్లెకును ఆ వాసనయే యుండును. కాని మూడు మాసములు ఎదురుచూచిన పిల్లవానికి తనయింటి మల్లె వాసన వేఱుగా తోచును.

మల్లె విషయమున మఱియొక విశేషము కలదు. పెంపుడు మల్లెకు విత్తనము కట్టుట మిక్కిలి అరుదు. కొమ్మను వంచి మట్టిలో తొక్కి, వేరు పట్టిన తరువాత వేఱుచేసి అంటుగా నాటుదురు. లేదా కొమ్మ ముక్కనే పాతుదురు. అనగా ఏ యింటి మల్లెయైనను మఱియొక యింటి మల్లెకు కొమ్మయే. అత్తవారింటికి పోవు ఆడపిల్ల పుట్టినింటినుండి మల్లెయంటు తీసికొనిపోవుట తెలుగిండ్లలో కొత్త కాదు. తల్లి పెరటిలో పందిరెక్కిన మొక్కయే కూతురి మేడమీద కుండీలో ఒదిగి పూయును. ఊరు మారినను, భాష వినబడని వీథికి చేరినను మొక్క మారదు. పేరును, మొక్కను కలిపి ఒక చేతినుండి మఱియొక చేతికి అందించిన యీ పద్ధతిలో నిఘంటువుతో అవసరము కలుగలేదు.

చూచుటకు, వేచియుండుటకు తోడుగా మూడవ పని యొకటి బడిపిల్లలు చేయదగినది కలదు. అది వ్రాసియుంచుట. జపాను దేశమున క్యోటో నగరపు చెఱ్ఱీపూలు నిండుగా విచ్చిన దినముల లెక్కలు 9వ శతాబ్దినుండి పాత దినచర్యలలోను, రాజాస్థానపు వ్రాతలలోను దొరకుచున్నవి. 2021లో ఆ పూలు మార్చి 26వ తేదీన నిండుగా విచ్చెను. 1200 సంవత్సరముల లెక్కలో అంత ముందుగా విచ్చుట అదియే మొదటిసారి. భూమి వేడెక్కుచున్నదనుటకు శాస్త్రజ్ఞులు చూపు సాక్ష్యములలో ఆ వ్రాతలును చేరినవి. పూలవేడుకకు పోయినవారు తమ యానందము కొఱకు వ్రాసికొన్న మాటలు ఇన్ని శతాబ్దులకు ఇట్లు అక్కఱకు వచ్చినవి. బడిలో ఒక చేవ్రాతపుస్తకము చాలును. వేప మొదటి పూత ఉగాదికి ముందు వచ్చినదా, వెనుక వచ్చినదా. కానుగపూలు నేలమీద పేలాలవలె రాలిన తొలిదినమేది. మల్లెకు మొదటి మొగ్గ యెన్నడు — ఏటికొక పుట. పిల్లలు తరగతులు దాటిపోవుదురు. పుస్తకము బడిలో నిలుచును.

ఇందొక చిక్కున్నదని ఉపాధ్యాయులకు తెలియును. చెట్లు పూయు దినములే పరీక్షల దినములు. విద్యార్థి తలవంచి ‘కింశుకము — మోదుగ’ అని వల్లించుచున్న ఫాల్గుణమాసముననే ఊరివెలుపల మోదుగ పూచియుండును. అతడు తలయెత్తునప్పటికి పూలు రాలి ఆకు వచ్చియుండును. పాఠ్యప్రణాళిక మారువఱకు చెట్టు ఆగదు గనుక, ఆగవలసినవారు మనుష్యులే. పునశ్చరణకు కేటాయించిన గంటలలో ఒక్క గంట ఆరుబయట గడపినచో మార్కులకు లోటు రాదు.

ఆనాడు ఏ పిల్లయైనను చెట్టుక్రింద రాలిన పొగడపూలు నాలుగు ఏరుకొనివచ్చి పుస్తకములో వసంతవర్ణనమున్న పుటమీద పెట్టినచో, ఉపాధ్యాయుడు వానిని తుడిచివేయకుండ పుస్తకము మూయవలెను. మరుసటి యేడు ఆ పుస్తకము ఆమె తమ్ముని చేతికి వచ్చును. పుట తెఱచునప్పటికి పూలు ఎండియుండును. వాసన మాత్రము ఉండును. ‘వకుళము’ అను మాట క్రింద అర్థము వ్రాసికొనకముందే అతడు అదేమి పూవని అక్కను అడుగును.